ఎవరివీ కాని బియ్యం

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందట అని మాత్రం అడక్కండి. గోదారి ఇప్పుడు పారుతున్న చోట కాకుండా ఇంకాస్త అవతలగా పారే రోజులవి. ఇప్పుడు పడవలు కట్టే చోట అప్పుడు చెరుకు తోట ఉండేదట. ఆ గోదారి రెండు పాయల మధ్య, చుట్టూ నీళ్ళతో, రెల్లులంక అని ఒక లంక. ఆ లంకలో నలభై గడపల పేట. ఆ పేటలో ఒక తాటాకుల చర్చి. ఆ చర్చిలో అందరికంటే వెనక కూర్చునే మనిషి లేయమ్మ. ఈ కథ ఆమెది.

లేయమ్మ గొప్ప మనిషేం కాదు. చదువు లేదు, పొలం లేదు. మొగుడు పోయి పదేళ్ళయింది. పిల్లల్లేరు. ఉన్నవి రెండు చేతులు, ఒక రోకలి. పొద్దున్నే రైతుల ఇళ్ళకు పోయి వడ్లు దంచేది. దంచి, చెరిగి, బియ్యం వాళ్ళకిచ్చి, కూలి కింద నూకలు తెచ్చుకునేది. ఆమె గుడిసె లంకలో అందరికంటే ఎత్తయిన మెరక మీద ఉండేది. ఎత్తు అనగానే గొప్ప అనుకునేరు, అది సమాధుల మెరక. వరదకు మునగని చోట పోయినవాళ్ళను పడుకోబెట్టి, బతికున్నవాళ్ళు పల్లంలో కాపురాలుండేవాళ్ళు. సమాధుల పక్కన ఇల్లు కట్టుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆ జాగా లేయమ్మకు దక్కింది. భయం వెయ్యదా అని అడిగితే, "నాకేం భయమండి, ఒక్కళ్ళూ గట్టిగా మాట్టాడరు," అనేది.

ఆ పేటలో ఒక అలవాటు ఉంది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీస్తుంది. కళ్ళు మూసుకుని, "ప్రభువా, నువ్విచ్చిందే నీకు" అని రెండు మాటలు చెప్పుకుంటుంది. ఆ పిడికెడు పక్కనున్న ముంతలో పోస్తుంది. ఆదివారం ఆ ముంత తెచ్చి చర్చిలో ముందున్న గంపలో వంచుతుంది. ఆ గంపలో బియ్యమే ముసలివాళ్ళ గంజి, దారిన పోయేవాళ్ళ భోజనం, ఉపదేశిగారి ఇంటి అన్నం. ఉపదేశిగారంటే ఆ చర్చిలో వాక్యం చెప్పే పెద్దమనిషి. పేరు దైవాధీనం.

లేయమ్మా అలాగే చేసేది. ఆమెవి నూకలే. అయినా ప్రార్థనకు కొదవ లేదు. మిగతా ఆడవాళ్ళు రెండు మాటలు చెబితే లేయమ్మ ఇరవై చెప్పేది. మొగుణ్ణి పూడ్చి వచ్చిన మర్నాడు కూడా చెప్పింది. ఆమె ప్రార్థన అయ్యేలోగా ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఇలా ఉండగా ఒక పొద్దున పిడికెడు నూకలు తీసింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. పిడికిలి విప్పింది.

రెండో రోజూ అంతే. నోరు తెరిచింది. మాట రాలేదు. పిడికిలి విప్పింది.

మూడో రోజు కాసేపు ఎక్కువ ఆగి చూసింది. ఎసరు మరిగిపోతోంది. మాట రాలేదు. పిడికిలి విప్పింది.

ఏమైంది అంటారు. ఏమీ కాలేదు. జబ్బు లేదు, చావు లేదు, ఎవరితోనూ తగువు లేదు. దేవుడి మీద కోపం అంతకంటే లేదు. నిన్నటిదాకా నీళ్ళున్న బావి ఇవాళ ఎండిపోయినట్టు లోపల అంతా ఖాళీగా ఉంది, అంతే. కారణమున్న కష్టమైతే నలుగురికి చెప్పుకుని ఏడవచ్చు. కారణం లేనిదాన్ని ఎవరికి చూపిస్తుంది? లేయమ్మకు భయం వేసింది. దేవుడు తనను వదిలేశాడో, తనే దేవుణ్ణి వదిలేసిందో ఆమెకు తెలియలేదు. తనింక దేవుడి మనిషి కాదేమో అన్న ఆలోచన ఒక్కటే రోకలి పోటు పోటుకీ లోపల మోగేది.

దానికి తోడు ఒక మాట గుర్తొచ్చింది. అంతకుముందెప్పుడో ఆడవాళ్ళు పిడికెడు చేత పట్టుకుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటున్నారని తెలిసి, దైవాధీనంగారు ప్రసంగంలో విసుక్కున్నాడు. "ప్రార్థన లేని బియ్యం దేవుడి గంపలో పొయ్యకండమ్మా, అవి ఎలకల పాలే," అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికి వెళ్ళేలోగా మరిచిపోయారు. ఎవర్ని అన్నాడో వాళ్ళు హాయిగా ఉన్నారు, ఏ పాపమూ ఎరగని లేయమ్మ మాత్రం ఆ మాటను కొంగున కట్టుకుంది. ప్రసంగాల సంగతి ఎప్పుడూ ఇంతే.

ఇప్పుడు ఆ నూకల్ని ఏం చెయ్యాలి? దేవుడి గంపలో పొయ్యకూడదు. వండుకు తిందామంటే, పిడికిట్లోకి తీశాక అవి తనవి కావు. పోనీ దేవుడివి అందామంటే ప్రార్థన లేదు. అటు దేవుడివీ కాక, ఇటు తనవీ కాక, ఎవరివీ కాని బియ్యం అయి కూర్చున్నాయి. లేయమ్మ ఆలోచించి ఆలోచించి, అటక మీద ఒక పాత కుండ పెట్టి అందులో పోసి మూత పెట్టింది. తీయడం మానేస్తే పోయేది కదా అంటారేమో. చెయ్యి వినలేదు. నోరు మానేసినా చెయ్యి మానలేదు.

మొదటి ఆదివారం చేతులూపుకుంటూ చర్చికి వచ్చింది. పక్కన కూర్చునే సువార్తమ్మ చూసింది. సువార్తమ్మ మంచి మనిషి, మరీ మంచి మనిషి.

"ఏం వదినా, ముంతేదీ?"

"పగిలిపోయింది వదినా."

పొద్దు గుంకేలోగా సువార్తమ్మ కొత్త ముంత తెచ్చి లేయమ్మ గుమ్మంలో పెట్టి పోయింది.

రెండో ఆదివారం మళ్ళీ అడిగింది. "ముంతిచ్చాను గదా, నూకలేవీ?"

"ఎలకలు తినేశాయి వదినా."

పొద్దు గుంకేలోగా సువార్తమ్మ ఒక పిల్లిని చంకన పెట్టుకొచ్చి ఇచ్చి పోయింది.

మూడో ఆదివారానికి లేయమ్మ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. ఇంకొకటి చెబితే ఈ మహాతల్లి ఇంకేం మోసుకొస్తుందో అని హడలిపోయి, లోపలికి రాకుండా చర్చి చూరు కింద కూర్చుంది. పిల్లి కూడా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అప్పట్నుంచి ఆ ఇద్దరి చోటూ అదే.

ఊరికే కూర్చోలేదు పాపం. ఎవరి సంగతో అడిగినట్టు అడిగి చూసింది. మొదట దైవాధీనంగారి దగ్గరికి వెళ్ళింది. "ప్రార్థన రాకపోతే ఏం చెయ్యాలండి?" అంది. "మూడు రోజులు ఉపవాసం ఉండాలమ్మా," అన్నాడాయన. ఉంది. నాలుగో రోజు నీరసంతో పొయ్యి వెలిగించి పిడికెడు తీసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. పిడికిలి విప్పింది.

తర్వాత డప్పు వాయించి పాటలు ఎత్తే గిద్యోను దగ్గరికి వెళ్ళింది. "పాడక్కా, పాట ముందు నడిస్తే ప్రార్థన దాని వెనకే వస్తాది," అన్నాడు. వడ్లు దంచుతూ పాడింది. పోటు చక్కగా పడింది, నూక తగ్గింది, రైతులు సంతోషించారు, ఆమె కూలి నూకలు కూడా తగ్గాయి. ప్రార్థన మాత్రం రాలేదు.

మూడో మనిషి ఒకావిడ ఉంది. ఎలీసమ్మ మామ్మ. లంకలో కాన్పులన్నీ చేసేది ఆవిడే. ఆవిడ నోటికి జడిసి లేయమ్మ వెళ్ళలేదు. ముందు అక్కడికే పోయి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

మూడు నెలలకోసారి పట్నం నుంచి పెద్ద అయ్యగారు పడవ మీద వచ్చి, రొట్టె విరిచి, ద్రాక్షరసం ఇచ్చి వెళ్ళేవాడు. ప్రార్థన రాని తనకు ఆ రొట్టె తగదనుకుని, ఆ రోజు లేయమ్మ కావాలని అవతలి గట్టు మీద కూలి ఒప్పుకునేది. ఒకసారి తప్పించుకుంది, రెండుసార్లు తప్పించుకుంది, మూడోసారీ తప్పించుకుంది. మిగతా రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, ఆ ఒక్కరోజు మాత్రం దంచుతూ ఏడ్చేది. ఆ రొట్టె పంచే బల్ల దగ్గరికి వెళ్ళాలని ఆమెకు ఎంత ఉందో చెప్పలేను.

ఏడాదిన్నర గడిచింది. ఒక కుండ నిండింది. రెండో కుండ నిండింది. మూడో కుండా నిండింది. ఎండలు కాసినప్పుడు నూకల్ని దించి చాప మీద ఎండబోసేది. వేపాకు కలిపి మళ్ళీ పైకి ఎక్కించేది. ఎవరివీ కానివాటికి అంత సేవ చేసేది.

ఆ ఏడు శ్రావణ మాసంలో గోదారి వచ్చింది. పట్టపగలు, అన్నాలు దించే వేళకు వచ్చింది. చంటిపిల్లల్ని, ముసలివాళ్ళను ఎత్తుకోవడానికి తప్ప గింజ ఎత్తుకోవడానికి వ్యవధి ఇవ్వలేదు. చర్చిలో గంప గంపతోనే కొట్టుకుపోయింది. నలభై గడపల వాళ్ళూ పరుగెత్తి చేరింది ఎక్కడికో మీకు తెలుసు. సమాధుల మెరక మీదికి. లేయమ్మ గుడిసె ఒక్కటే నీడ.

మొదటి రోజు లేయమ్మ తన కూలి నూకలన్నీ జావ కాచి పిల్లలకు పోసింది. రెండో రోజు నీళ్ళలో తేలివచ్చిన కొబ్బరికాయలు కొట్టి పంచుకున్నారు. మూడో రోజు పొద్దుటికి ఏమీ లేదు. వాన ఆగింది గానీ పడవ జాడ లేదు. పిల్లలు ఏడవడం కూడా మానేశారు.

లేయమ్మ ఆ రెండు రోజులూ అటక కింద కూర్చుని పైకి చూస్తూనే ఉంది. ప్రార్థన లేని బియ్యం పసిపిల్లల నోట్లో పోస్తే వాళ్ళకేమవుతుందో అని నిజంగా భయపడింది. ఇంకో భయం కూడా ఉంది. ఆ కుండలు దింపితే తన సంగతి పేటంతా తెలిసిపోతుంది. ఆ రెంటిలో చిన్నది రెండోదే అయినా, గట్టిది కూడా అదే.

ఆ పొద్దునే లోపల సువార్తమ్మ కూతురు రిబ్కాకు నొప్పులు వచ్చాయి. కాసేపటికి పసివాడి ఏడుపు వినిపించింది. ఎలీసమ్మ మామ్మ తడి చేతులతోనే బయటికి వచ్చింది.

"మగపిల్లోడు. బానే ఉన్నాడు. తల్లే బొత్తిగా నీరసించిపోయింది. కడుపులో ఇంత జావ పడకపోతే మనిషి మనకు దక్కదు. ఎవరి దగ్గరన్నా గుప్పెడు గింజలున్నాయా?"

సువార్తమ్మ నేల చూస్తూ కూర్చుంది. ముంత ఇచ్చిన మనిషి, పిల్లిని ఇచ్చిన మనిషి, ఇప్పుడు కూతురికి ఇవ్వడానికి ఏమీ లేక కూర్చుంది. లేయమ్మ ఆమె వంక చూసింది. ఇక కూర్చోలేకపోయింది. లేచి దైవాధీనంగారి ముందుకు వెళ్ళి నిలబడింది.

"అయ్యగారండి, అటక మీద మూడు కుండల నూకలున్నాయండి. కానీ అయి మంచియి కాదండి."

"పురుగు పట్టాయా అమ్మా?"

"లేదండి. వాటికి ప్రార్థన లేదండి."

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు లేయమ్మ అందరూ వినేలాగే చెప్పేసింది. "ఏడాదిన్నరగా నాకు ప్రార్థన రావట్లేదండి. నోరు తెరిస్తే మాట రాదు. అందుకే గంపలో పొయ్యకుండా పైన దాచానండి. వదినా, ముంత పగల్లేదు. ఎలకలూ తినలేదు. ఆ పిల్లి పనీపాటా లేకుండా నా దగ్గర తింటంది. ప్రార్థన లేని బియ్యం ఎలకల పాలన్నారు గదండి, మరి పిల్లలకెలా పొయ్యను?"

"ఎవరన్నారమ్మా ఆ మాట?" అన్నాడు దైవాధీనంగారు.

"తమరేనండి."

ఆయన తెల్లబోయాడు. ఎంత వెతుక్కున్నా ఆ మాట ఆయనకు గుర్తు రాలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు. "అమ్మా, నీది ఏడాదిన్నర. నీళ్ళు వచ్చిన దగ్గర్నుంచి నాకూ మాట రాలేదు. మీరంతా నా వంక చూస్తున్నారని పెదాలు కదిపానంతే. లోపల ఏమీ లేదు."

పెద్దమనిషి అలా అనేసరికి మెరక మీద ఎవరికీ ఏం తోచలేదు. ఎలీసమ్మ మామ్మకు మాత్రం తోచింది.

"ఒసే లేయమ్మా, ఇటు సూడు. ఈ సేతుల్తో ఈ లంకలో ఎంతమందిని బయటికి తీశానో తెలుసా? నిన్ను తీసింది నేనే. ఈ అయ్యగారి పిల్లల్ని తీసింది నేనే. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నన్ను పట్టుకుని రాలేదే. నేనే పట్టుకున్నాను. ఇందాకటోడికి నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. తెలీదని ఒదిలేశానా? నాపాటి సెయ్యి దేవుడికి లేదనుకున్నావా? నడు, కుండ దింపు. అక్కడ పిల్ల నీరసంతో ఉంది."

లేయమ్మ కళ్ళు నిండిపోయాయి. ఏడాదిన్నరగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులైనట్టయింది. ప్రార్థన ఏమీ రాలేదు, అది వేరే సంగతి. వెళ్ళి కుండ దింపింది.

చూరు కింద ఎండు కట్టెలున్నాయి. పొయ్యి వెలిగించారు. ఎసరు మరిగింది. అందరూ చుట్టూ చేరారు.

"నూకలు నీవి. ప్రార్థన కూడా నువ్వే చెయ్యాలమ్మా," అన్నాడు దైవాధీనంగారు.

లేయమ్మ పిడికెడు నూకలు తీసింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. నలభై గడపల జనం చూస్తున్నారు. లోపల పసివాడు ఒకసారి కేర్‌మన్నాడు. లేయమ్మ పిడికిలి విప్పింది. నూకలు ఎసట్లో పడ్డాయి.

"ఆమెన్," అన్నాడు దైవాధీనంగారు.

"ఆమెన్," అన్నారు అందరూ.

లేయమ్మ కళ్ళు తెరిచింది. "అయిపోయిందా అండి?"

"అయిపోయిందమ్మా. ఇంక కలుపు, అడుగంటుద్ది."

మొదటి గిన్నె రిబ్కాకు వెళ్ళింది. తర్వాత పిల్లలకు, తర్వాత ముసలివాళ్ళకు, తర్వాత అందరికీ. పిల్లికి కూడా ఒక దోసెడు పోశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆకలి తీరింది, అంతే అయింది. పొద్దు గుంకేలోగా రిబ్కా లేచి కూర్చుని పిల్లాడికి పాలు పట్టింది. సువార్తమ్మ వచ్చి లేయమ్మ భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు.

ఆ కుండలు ఎంత తీసినా తరగలేదని కొందరు చెబుతారు. నేను అబద్ధం చెప్పను. తరిగాయి. మొదటి రోజు ఒక కుండ అయింది. రెండో రోజు రెండో కుండ అయింది. మూడో రోజు మూడో కుండ అడుగు గోకి, ఆ గోకుడు కూడా పంచుకున్నారు. ఆ మర్నాడు పొద్దున పడవలు వచ్చాయి.

పడవల్లో బస్తాలు వచ్చాయి. బస్తాలతో పాటు పెద్ద అయ్యగారు వచ్చాడు. చర్చి ఇంకా నీళ్ళలోనే ఉంది కాబట్టి ఆయన ఆ మెరక మీదే, సమాధుల మధ్యే, చాప పరిచి రొట్టె విరిచాడు. లేయమ్మ అలవాటు కొద్దీ చూరు కిందికి పోబోయింది. ఎలీసమ్మ మామ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. పెద్ద అయ్యగారు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ లేయమ్మ ముందుకు వచ్చాడు. ఏదో ఒకటి చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. పిడికిలి విప్పింది. ఆయన ఆ అరచేతిలో రొట్టె పెట్టాడు. లేయమ్మ తింది. అంత రుచైన ముద్ద పుట్టి బుద్ధెరిగాక తినలేదని తర్వాత సువార్తమ్మతో చెప్పిందట.

మరి ప్రార్థన తిరిగొచ్చిందా అని అడుగుతారు. కొన్ని రోజులు వచ్చేది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయేంతగా వచ్చేది. కొన్ని రోజులు వచ్చేది కాదు. రాని రోజు కూడా నిమ్మళంగా అన్నం వండుకుని, తిని, వడ్లు దంచడానికి పోయేది. ముంత మాత్రం ఏ ఆదివారమూ ఇంట్లో ఉంచలేదు. చూరు కింద కూర్చోవడం మానేసి లోపలికి వచ్చింది. మళ్ళీ అందరికంటే వెనకే కూర్చుంది.

అలా చాలా ఏళ్ళు బతికింది. పళ్ళూడిపోయి, నడుం వంగి, రోకలి ఎత్తలేని వయసు వచ్చాక ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది. గుడిసెకు పదడుగుల దూరంలో ఆమెను పడుకోబెట్టారు. అంత దగ్గర పక్కిల్లు ఎవరికి దొరుకుతుంది. ఆ గుడిసె ఇప్పుడు లేదు. ఆమె సమాధి మీద రాయి లేదు, పేరు లేదు, ఆ మెరకలో సగం తర్వాత గోదారి తీసుకుపోయింది.

అయినా రెల్లులంకలో లేయమ్మను మరిచినవాళ్ళు లేరు. ప్రార్థన చెయ్యడానికి లేచి నిలబడ్డవాళ్ళకు మాట రాకపోతే అక్కడ ఎవరూ దగ్గి తొందరపెట్టరు, ఎవరూ మాట అందించరు. కాసేపు ఆగుతారు. తర్వాత ఎవరో ఒకరు "ఆమెన్" అంటారు. అందరూ "ఆమెన్" అంటారు. ఆ మనిషి కూర్చుంటాడు. దాన్ని లేయమ్మ ప్రార్థన అంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అదే చేస్తుంది, పంట పోయిన రైతు అదే చేస్తాడు, ఏమీ పోకుండా ఊరికే లోపల ఎండిపోయినవాళ్ళూ అదే చేస్తారు.

ఆ లంకకు కొత్త కోడలు వస్తే, మొదటి రోజు ఎసరు పెట్టేటప్పుడు అత్త పక్కన నిలబడి నేర్పుతుంది. ఇదిగో ఇలా పిడికెడు తియ్యి, ఇలా కళ్ళు మూసుకో, ఇలా రెండు మాటలు చెప్పుకో అంటుంది.

"ఏ రోజన్నా మాట రాకపోతే అత్తా?" అని ఏ పిల్లైనా అడిగితే, అత్త నవ్వుతుంది.

"రాకపోతే పిడికిలి ఇప్పు చాలు. ఆమెన్ మేం అంటాం."